దేవదానం గారి ఓపిక నంబరు

మొన్న సోమవారం కారులో, అద్దాలు దించుకుని, తెనాలి రైల్వే బ్రిడ్జి ఎక్కుతున్నాను. ముందు పోతున్న కారు గేరు తగ్గించకుండానే పైకి లాగుతోంది. దాని ఇంజన్లోంచి ఒక చప్పుడు వచ్చింది. రేకు డబ్బాలో చింతగింజలు పోసి ఆడించినట్టు, సన్నగా, గలగలమని. పక్కన కూర్చున్న మా చెల్లెలికి అది వినపడనే లేదు. నాకు మాత్రం ముఖం వేడెక్కింది. ఆ చప్పుడును పోల్చుకోవడం నాకు నేర్పిన మనిషి పేరు దేవదానం గారు. ఇప్పుడు ‘గారు’ అని రాస్తున్నాను. నాకంటే పదేళ్లు పెద్దవారైన ఆయన్ని బతికి ఉండగా ఒక్కసారి కూడా అలా పిలవలేదు. ‘దేవదానం, నువ్వు’ అనేదాన్ని. లెక్చరర్ని కదా మరి.

నేను బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాపురం తెనాలిలో. రోజూ రైల్లో వెళ్లి వచ్చి విసిగిపోయి, నలభై దాటాక ఒక పాత చిన్న కారు కొన్నాను. లైసెన్సు ఉంది గానీ రోడ్డెక్కాలంటే భయం. రేపల్లె రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే దేవదానం గారు మంచివారని పక్కింటావిడ చెబితే వెళ్లాను. ఆయనది రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర పల్లె. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోతే ఆ రోజు పానా ముట్టుకోరు. మిగతా ఆరు రోజులూ గ్రీజు మరకల్లోనే. బండి చూసి, నా భయమూ చూసి, నాలుగు రోజులు పక్కన కూర్చుని నడిపిస్తానన్నారు.

కొల్లూరు వైపు వెళ్లాం. ఎక్కగానే ఆయన అన్న మొదటి మాట, “రేడియో కట్టెయ్యండమ్మా. అద్దం దించండి.”

“ఎండగా ఉంది, ఏసీ వేసుకుందాం,” అన్నాను.

“ఏసీ వేస్తే బండి చెప్పేది మీకు వినపడదమ్మా.”

కరకట్ట ఎక్కే చోట నేను గేరు మార్చడం మరిచిపోయాను. బండి మూలుగుతూ ఎక్కుతోంది. ఆయన చెయ్యి పైకెత్తారు. “వినపడిందా అమ్మా?”

“ఏంటి?”

“అదిగో. పళ్లు కొరుకుతోంది. గేరు తగ్గించండి, ఊరుకుంటది.”

గేరు తగ్గించగానే ఆ గలగల ఆగిపోయింది. ఏళ్ల తరబడి పాఠంలో చెబుతున్న ‘నాకింగ్’ అంటే ఇదన్నమాట అని నాకు ఆ రోజు తెలిసింది. కట్ట మీద బండి ఆపించి ఆయనకు ఉత్సాహంగా పాఠం చెప్పాను. ఇంజన్లో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తే మంట ఒక వైపు నుంచి వరసగా పాకుతూ పోవాలి. కానీ వేడి, ఒత్తిడి ఎక్కువైతే, మంట ఇంకా చేరకముందే అవతల మూలనున్న పెట్రోలు తనంతట తాను భగ్గుమంటుంది. ఆ దెబ్బే ఈ చప్పుడు. ఎంత నొక్కినా అలా ముందుగా అంటుకోకుండా పెట్రోలు ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేది ఆక్టేన్ నంబరు. హెప్టేన్ అనే దానికి సున్నా, ఐసో ఆక్టేన్ అనే దానికి వంద. ఆ రెండింటితో పోల్చి మిగతావాటికి నంబర్లు ఇస్తారు.

ఆయన చేతిగుడ్డ మడతపెడుతూ చివరిదాకా విన్నారు. “అయితే అది బలం నంబరు కాదన్నమాట. ఓపిక నంబరు. నిప్పు తనదాకా వచ్చేదాకా ఆగుద్ది.”

“అంతే.”

“మరి ఆ నంబరు ఎక్కువున్న ఖరీదు పెట్రోలు పోస్తే బండి దూసుకుపోద్దంటారేంటమ్మా అందరూ?”

“అదంతా అపోహ.”

“ఈ బండికైతే అక్కర్లేదండి. దీని ఇంజను అంతగా నొక్కదు. గట్టిగా నొక్కే బండికే ఆ ఓపిక కావాలి.”

ఆ చివరి మాట నేను సరిగ్గా వినలేదు. నా పాఠం ఆయనకు అర్థమైందన్న సంతోషంలో ఉన్నాను. మర్నాడు క్లాసులో ‘ఆక్టేన్ అంటే ఓపిక నంబరు’ అన్నాను. పిల్లల ముఖాలు వెలిగాయి. “భలే చెప్పారు మేడం,” అంది ముందు బెంచీ అమ్మాయి. నవ్వి ఊరుకున్నాను. ఆ తర్వాత ఏటా ఆ మాట చెబుతూనే ఉన్నాను. అది ఎవరిదో ఏ బ్యాచికీ చెప్పలేదు.

నాలుగేళ్లు గడిచాయి. నా మాట మీద మా కాలేజీ స్టాఫులో సగం మంది కార్లు ఆయన షెడ్డుకే వచ్చేవి. ఆ మధ్యలో నేను పెద్ద కారు కొన్నాను. సెకండ్‌హ్యాండే గానీ టర్బో ఇంజను. ఫిజిక్స్ లెక్చరర్ని వెంటబెట్టుకుని దర్జాగా షెడ్డుకు తీసుకెళ్లాను. దేవదానం గారు చుట్టూ తిరిగి చూసి, “దీనికి ఖరీదు పెట్రోలే పోయించాలమ్మా. పెట్రోలు మూత లోపల రాసుంటది చూడండి,” అన్నారు.

నేను ఫక్కున నవ్వాను. “అక్కర్లేదని నువ్వే అన్నావుగా దేవదానం?”

“ఆ బండి వేరండి, ఈ బండి వేరండి. ఇది గాలిని కుక్కి మరీ నొక్కుద్ది. ఆ గలగల మొదలైతే కనిపెట్టి వెనక్కి తగ్గే ఏర్పాటు దీన్లో ఉంటది. కానీ ఎంతకని తగ్గుద్దమ్మా?”

ఫిజిక్స్ ఆయన ముందు నాకు చిన్నతనం అనిపించింది. “ఆక్టేన్ పెరిగితే పవర్ పెరగదు. ఇది నీకు చెప్పింది నేనే,” అని అక్కడే ఇంకోసారి పాఠం అందుకున్నాను. ఆయన తలూపి, ప్లగ్గులు మార్చే పనిలో పడ్డారు. ఆ మూత నేను తెరవలేదు. పెట్రోలు బంకులో మనం సీట్లోనే కూర్చుంటాం. లోపలినుంచి మీట లాగితే మూత తెరుచుకుంటుంది. బంకువాళ్లు “జీరో చూస్కోండి మేడం” అంటారు, మనం మెషీన్ వంక చూస్తాం. ఆ రకంగా ఏడాదిపాటు నా బండి మూత లోపల ఏముందో బంకుల్లో పనిచేసే అందరికీ కనపడింది, నాకు తప్ప.

తర్వాతి మే నెలలో రేపల్లెలో ఒక సహోద్యోగి ఇంట్లో పెళ్లి. నలుగురు లెక్చరర్లని ఎక్కించుకుని, ఏసీ పూర్తిగా పెట్టి, ఎక్కడా నెమ్మదించకుండా తోలాను. వాళ్ల కబుర్లలో ఇంజను మాట వినపడలేదు. నగరం దాటాక బండి ఒక్కసారిగా నీరసపడింది. వెనక నీలంగా పొగ. ఫోన్ చేస్తే దేవదానం గారు ఆ ఎండలో తెనాలి నుంచి స్కూటరు మీద వచ్చారు. బానెట్ ఎత్తి, వంగి విని, ఆపేయమన్నారు.

“పిస్టన్ విరిగినట్టుందమ్మా. మామూలు పెట్రోలే పోయిస్తున్నారా?”

నలుగురూ నా వంకే చూస్తున్నారు. పాఠం చెప్పే మనిషిని అందరిముందూ ప్రశ్న అడిగినట్టయింది. “నీ పనిలో తప్పుని పెట్రోలు మీదికి నెడతావా? ప్లగ్గులు సరిగ్గా బిగించి ఉంటే ఇట్లా అయ్యేదా? ఆక్టేన్ అంటే ఏంటో కూడా తెలియని నీకు నేర్పితే, తిరిగి నాకే చెబుతున్నావా?” అని అరిచాను.

ఆయన బానెట్ దించారు. “సరేనమ్మా. ముందు మీరంతా నీడకి పదండి,” అని, ఆటో మాట్లాడి మమ్మల్ని పెళ్లికి పంపించారు. నేను ఆ ఆటోలో కూర్చునే స్టాఫు వాట్సాప్ గ్రూపులో రాశాను: ‘దేవదానం షెడ్డుకు ఎవరూ కార్లు ఇవ్వకండి. ప్లగ్గులు బిగించడం కూడా రాదు. నా ఇంజను పోయింది.’

గుంటూరులో ఒక వర్క్‌షాపులో ఇంజను విప్పారు. అక్కడి మేనేజరు రింగు గాడి దగ్గర అంచు విరిగిన పిస్టన్ చూపించాడు. ప్లగ్గుల సంగతి అడిగాను. “వాటికేం మేడం, చక్కగా బిగించారు,” అన్నాడు. తర్వాత నన్ను బండి వెనక్కి తీసుకెళ్లి పెట్రోలు మూత తెరిచాడు. లోపల దుమ్ము పట్టిన చిన్న కాగితం. వేలితో తుడిచాడు. 95, అంతకు తగ్గకూడదు అని ఉంది. “మీరేం చేస్తుంటారు మేడం?” అని మర్యాదగా అడిగాడు. కెమిస్ట్రీ చెబుతానని అనలేకపోయాను. టీచర్ని అన్నాను.

గ్రూపులో నిజం రాయాలి కదా. రాశాను, చెరిపాను. మళ్లీ రాశాను, మళ్లీ చెరిపాను. ఎవరైనా అడిగితే ఇంజన్లో ఏదో లోపమట అని దాటేశాను. కొన్ని నెలలకు రేపల్లె రోడ్డులో ఆ రేకుల షెడ్డు మూతపడి కనిపించింది. ఆయన రేపల్లె వెళ్లిపోయి పడవల ఇంజన్లు బాగుచేస్తున్నారని పక్కింటావిడ చెప్పింది.

బస్సెక్కి వెళ్లాను. ఆయన దగ్గర సుబ్బయ్య అని ఆయన ఈడు పడవ యజమాని కూర్చుని ఉన్నాడు. దేవదానం గారు లేచి నిలబడి, స్టూలు తుడిచి వేశారు. “రండమ్మా రండి. ఒరే సుబ్బయ్యా, నాకు ఆక్టేన్ అంటే ఏంటో చెప్పింది ఈ అమ్మగారే. ఎంత వివరంగా చెప్పారనుకున్నావ్!” అని నవ్వారు. “ఇక్కడన్నీ డీజిలేనమ్మా, ఆ గొడవ లేదు.”

నేను స్టూలు మీద కూర్చున్నాను. చివరికి, “మూత తీసి చూశాను,” అన్నాను.

“తెలుసమ్మా. ఆ రోజు మిమ్మల్ని ఆటో ఎక్కించాక నేనూ చూశా.”

అంటే నిజం తెలిసే ఆయన ఇన్నాళ్లూ ఊరుకున్నారు. క్షమించమని అడగబోయాను. ఆయనే అందుకున్నారు. “మీ కాలేజీలో ఇంకో ఇద్దరికి అట్లాంటి బళ్లే ఉన్నయ్యి. నేను చెబితే ఇప్పుడు వినరు. మీరు చెప్పండమ్మా, మూత తీసి చూసుకోమని. పాపం, ఇంజన్లు పోతయ్యి.”

తిరిగొచ్చే బస్సులో స్టాఫు గ్రూపుకి రెండు వాక్యాలు రాశాను. మొదటిది, ‘మీ కారు పెట్రోలు మూత తెరిచి లోపల ఏ నంబరు ఉందో చూడండి, ఆ ఆక్టేన్ పెట్రోలే పోయించండి.’ రెండోదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుని, చెరిపేసి, మొదటిదొక్కటే పంపాను. ఇంటికి చేరేసరికి గ్రూపులో పది మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ‘మా ఇంజను కాపాడారు మేడం’ అని ఒకాయన. స్టాఫు మీటింగులో ప్రిన్సిపాల్ గారు కూడా నన్ను మెచ్చుకున్నారు. నేను థాంక్స్ చెప్పి కూర్చున్నాను. సిగ్గులేని దానిలా ఆ పొగడ్త కూడా తీసుకున్నాను.

దేవదానం గారు కిందటి వానాకాలం గుండెపోటుతో పోయారు. కబురు నాకు రెండు వారాలకు తెలిసింది. ఆయన వల్ల నేను బండిని వినడం నేర్చుకున్నాను. నాకు తెలుసు అనుకున్నదాన్ని ఇంకోసారి మూత తెరిచి చూడాలనీ నేర్చుకున్నాను. కానీ ఇవాళ్టికీ నాతో ఉండిపోయింది ఆ రెండో వాక్యమే. చదవాల్సిన మనిషి లేకపోయాక రాస్తున్నాను, అయినా రాస్తున్నాను: ఈ మాట నాకు చెప్పింది దేవదానం గారు, ఆయన పనిలో ఏ తప్పూ లేదు, ఆయన గురించి నేను రాసింది అబద్ధం.