ఎర్ర మూతల పది సీసాలు

దివిసీమలో పడవ దిగేసరికి ఉదయం ఎనిమిదిన్నర. వాన ఆగింది. ఎండ చురుక్కుమంటోంది. కృష్ణ మాత్రం కరకట్టకు జానెడు కిందే పారుతోంది. అరటి తోటల్లో ఆకుల చివళ్లు తప్ప ఏమీ కనపడలేదు. మచిలీపట్నం ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లం నలుగురం: డాక్టరు, హెడ్ నర్సు, మందులు చూసే ఫార్మసిస్టు, ఆయాని నేను. పడవ నడిపే సరంగు ఐదోవాడు. ఇరవై రోజుల డ్యూటీ అన్నారు.

నా సామాను రెండు చీరలు, రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన దుప్పటి. ఆసుపత్రి సామాను సెలైన్ పెట్టెలు, బ్లీచింగ్ బస్తా, పాముకాటు ఇంజెక్షన్లు. వరదొస్తే మనుషులకంటే ముందు పాములు గట్టెక్కుతాయి. టీవీలో వరద చూసినవాళ్లకు అది కనపడదు.

మందులు తుఫాను షెల్టరు పై అంతస్తులో పెట్టాం. రోగులను పడవల్లో తెచ్చి దించేది కరకట్ట మీది టెంటులో. రెంటికీ మధ్య నాలుగు వందల అంగలు, మోకాలి లోతు బురద నీళ్లు. పోలీసులిచ్చిన వాకీటాకీలు మూడు. ఒకటి డాక్టరు వెంట ఉంటుంది. ఒకటి టెంటులో హెడ్ నర్సు దగ్గర, ఒకటి పైన ఫార్మసిస్టు దగ్గర. ఆవిడ అడిగింది ఆయన తీసిస్తాడు, నేను పరిగెడతాను. ఆరింటి నుంచి ఆరింటి దాకా అదే పని.

అప్పటికి నా భర్త పోయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ వార్డులో ఆయాగానే ఉన్నాను. డ్యూటీ వేసేటప్పుడు హెడ్ నర్సు ఒక మాటన్నారు. ఈ ఇరవై రోజులూ వంక లేకుండా చేస్తే నర్సు సహాయకురాలి శిక్షణకు నా పేరు పంపుతానని. గుడివాడలో ఒక పరీక్ష, పాసైతే ఆరు నెలల చదువు. ఏ మంచాల కింద బెడ్‌పాన్లు ఎత్తానో ఆ మంచాల పక్కనే నిలబడి నాడి చూడొచ్చు. ఆ మాట మీదే పడవెక్కాను.

ఒక్కటి మాత్రం ఆవిడకు చెప్పలేదు. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగయితే కూడబలుక్కుంటాను. మందులను మూతలను బట్టి గుర్తుపడతాను. నీలం మూత వాంతులకి, పచ్చ మూత నొప్పికి, ఎర్ర మూత పాముకాటుకి. మా వార్డు ఆయాలందరిదీ అదే చదువు. పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పి పోతారు. ఆరేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

ఏడో రోజు పొద్దున కొత్త పెట్టెలొచ్చాయి. ఫార్మసిస్టు వాటిని దింపించి, అదే పడవలో అవనిగడ్డ వెళ్లాడు. వాకీటాకీ సెట్టు నా చేతిలో పెట్టి, నీకు తెలిసిన మందులేగా అన్నాడు. తెలిసినవేనండీ అన్నాను.

పదకొండుంబావుకి సెట్టు గరగరలాడింది.

"ఆయమ్మా, పాముకాటు. పది సీసాలు. త్వరగా."

"తెస్తున్నానండీ."

పైనున్న కొత్త పెట్టె విప్పాను. ఎర్ర మూతలు, లోపల తెల్ల పొడి. పది కొంగున కట్టుకున్నాను. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది. ఆగలేదు.

టెంటులో అరటి తోటల్లో కూలికెళ్లే అమ్మాయి పడుకుని ఉంది. పాతికేళ్లు దాటవు. కాలు మోకాలి దాకా వాచింది. రెప్పలు వాలిపోతున్నాయి. నా కొంగులో సీసాల చప్పుడు విని కష్టపడి కళ్లు తెరిచింది. నవ్వింది. "వచ్చేసిందమ్మా మందు" అంది పక్కనున్న తల్లితో.

హెడ్ నర్సు ఒక సీసా తీసి చదివారు. ఇంకోటి తీశారు.

"ఇవి చీముకిచ్చే మందు, ఆయమ్మా."

"మూత ఎర్రగా ఉందండీ."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. డాక్టరు లంకలో ఇంకో పడవ మీదున్నారు. సెట్టులో ఆయన్ని పిలిచి, నన్ను ఆ అమ్మాయి తల దగ్గర కూర్చోబెట్టి, దవడ ఇలా ఎత్తి పట్టుకో, ఊపిరి ఆడాలి, వదలకు అని చెప్పి తనే పరిగెత్తారు. పద్నాలుగు నిమిషాలు. టెంటు గుంజకు గడియారం ఉంది, అందుకే తెలుసు. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి నా అరచేతికి తగులుతూ, సన్నబడుతూ ఉంది. అయినా ఆగలేదు.

అసలు మందు ఎక్కించి, డాక్టరు వెంట ఉండి ఆమెను పడవలో బందరు తీసుకెళ్లారు. రెండు రోజులు మిషన్ మీద ఉంచారట. బతికిందని నాలుగో రోజు కబురొచ్చింది. మందు వెంటనే పడుంటే మిషన్ దాకా పోయేది కాదేమో అన్నారు డాక్టరు. ఆ 'ఏమో' దగ్గరే నేను ఆగిపోయాను.

ఆ ఏడో రోజు సాయంత్రమే సరంగు పడవ కట్టేస్తూ అన్నాడు, "మూత చూసి మందివ్వడం, ముసుగు చూసి మనువాడినట్టే అమ్మాయ్."

"నీకు అక్షరం వచ్చా బాబాయ్?"

"రాదు. అందుకే పడవ తోలుతున్నా. నర్సవుతానన్నది నువ్వు."

మర్నాడు హెడ్ నర్సు నా పేరు పంపడం లేదన్నారు. నాకు ఒళ్లు మండింది. రెండు మందులకూ ఒకటే రంగు మూత ఎవడు పెట్టమన్నాడండీ అని అడిగాను. "అందుకే కదా సీసా మీద పేరు రాసేది" అన్నారు. వెళ్లబోతూ వెనక్కి తిరిగారు. "దవడ వదల్లేదు నువ్వు. అందుకని చెబుతున్నా, చదువుకో."

మిగిలిన పదమూడు రోజులూ వాడేసిన సీసాలు కడిగి, నీళ్లలో నానబెట్టి, పేర్ల కాగితాలు ఊడదీసి నోటుపుస్తకంలో అంటించాను. మధ్యాహ్నం రెండింటికి ఫార్మసిస్టును పట్టుకుని ఒక్కో అక్షరం అడిగేదాన్ని. ఆ అమ్మాయికి ఎక్కించిన పది సీసాల కాగితాలు మొదటి పేజీలో ఉన్నాయి. ఇరవయ్యో రోజు సాయంత్రం బందరు చేరాం. ఒక చెప్పుతోనే చేరాను.

ఏడాదికి హెడ్ నర్సు నా పేరు పంపారు. గుడివాడ వెళ్లాను. అచ్చు అక్షరాలు నేర్చుకుని వెళితే, డాక్టరు చేత్తో గిలికిన చీటీ చేతికిచ్చారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడాదంతా గిలుకుళ్లు చదవడం నేర్చుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి రోగి వివరాలు పది లైన్లు రాయమన్నారు. బెల్లు కొట్టేసరికి నాలుగు రాశాను. చీపురు పట్టిన చేయి, పెన్ను పడితే సాగదు. బస్సులో వస్తూ ఆ చేతిని నేనే కొట్టుకున్నాను. ఇప్పుడు మూడోసారి పరీక్షకు కట్టాను. రోజూ ఒక పేజీ రాస్తున్నాను. ఇది మాత్రం నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నేనే రాస్తే ఇంకో వరద వచ్చేస్తుంది.

ఇరుగుపొరుగు వాళ్లు పాముల గురించి అడుగుతారు, నీళ్లు ఎంత లోతని అడుగుతారు. చెబుతాను. ఈ వయసులో ఈ పరీక్షల పిచ్చేంటని కూడా అడుగుతారు. దానికి చెప్పను. ఆ అమ్మాయి బతికింది, నన్ను మరిచిపోయే ఉంటుంది. పెన్ను పట్టినప్పుడల్లా నాకు కనిపించేది ఆమె ముఖమే. నా కొంగులో పది తప్పు సీసాలు గలగలమంటుంటే, వాలిపోయే రెప్పలెత్తి, వాటిని చూసి నవ్వింది.