రొంపిచెర్ల షుగర్ క్లినిక్‌లో గుత్తి సొరకాయ

పల్నాడు కొత్త జిల్లా అయిన ఏడాది నేను నరసరావుపేటలోని ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌గా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. ప్రతి గురువారం రొంపిచెర్ల మండలంలోని ఒక ఆరోగ్య కేంద్రానికి డిప్యుటేషన్ మీద వెళ్లేదాన్ని. అక్కడ ఆ రోజు షుగర్ క్లినిక్ జరిగేది. డైటీషియన్ అంటే జనం దృష్టిలో అది తినొద్దు, ఇది తినొద్దు అని చెప్పే మనిషి. ఆసుపత్రి వరుసలో డాక్టరుకు కింద, వంటమనిషికి పైన. మందు చీటీ రాసే అధికారం లేదు. ఉన్నదల్లా నోటిమాటే.

షుగర్ క్లినిక్‌లో రక్తం రెండుసార్లు తీస్తారు. పొద్దున్నే పరగడుపున ఒకసారి, టిఫిను తిన్న రెండు గంటలకు మరోసారి. ఆ రెంటికీ మధ్య మా పేషెంట్లు రోడ్డు దాటి హోటల్‌కి వెళ్లి పూరీలు, పునుగులు లాగించి వచ్చేవారు. రెండో పరీక్షలో అంకె ఆకాశంలో ఉండేది. ఇలా లాభం లేదని అక్కడి మెడికల్ ఆఫీసరు, నేనూ కలిసి ఒక ఏర్పాటు చేశాం. ఆ టిఫినేదో కేంద్రంలోనే, వాళ్ల కళ్ల ముందే వండి పెట్టాలి. చూసి నేర్చుకుని ఇంట్లో చేసుకుంటారు, రక్తం లెక్కా సరిగ్గా వస్తుంది.

మొదటి మూడు వారాలు జొన్నట్టు, రాగి ఇడ్లీ, పెసరట్టు చేశాం. నాలుగో గురువారం గుత్తి సొరకాయ అనుకున్నాం. గుప్పెట్లో పట్టే లేత గుండ్రటి కాయలు తీసుకుని, తొడిమ వైపు మూతలా కోసి, చెంచాతో గుజ్జు తోడేయాలి. లోపల కాస్త ఉప్పు రాయాలి. నానబెట్టిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర కచ్చాపచ్చాగా రుబ్బి, ఉల్లిపాయ ముక్కలు కలిపి కూరాలి. మూత పెట్టి ఇడ్లీ పాత్రలో ఇరవై నిమిషాలు ఆవిరికి ఉంచాలి. బియ్యం లేదు, నూనె దాదాపు లేదు. అరకాయ తింటే కడుపు నిండుతుంది. తోడిన గుజ్జు పారేయనక్కర్లేదు, జొన్నట్టు పిండిలో కలుపుకోవచ్చు. కాగితం మీద ఇంతకంటే మంచి టిఫిను లేదు. ఎర్రకారం లేని టిఫినేందని పల్నాటి జనం మూతి ముడుస్తారని తెలుసు, దానికీ సిద్ధపడే వెళ్లాను.

కాయలు పన్నెండు. మా పేషెంటు ఒకావిడ తన దడి మీది పాదు నుంచి కోసుకొచ్చి ప్రేమగా ఇచ్చింది. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పాదు ఎండకు వాడిపోయిందని, చివరి కాపు అని ఆమే అంది. నేను విని తలూపాను.

వంటకు సాయం నాగేంద్రం. కేంద్రంలో ఆయా, యాభై దాటిన మనిషి, చేతివంట గట్టిది. చేతులు ఎలా కడుక్కోవాలో, రుచి చూసిన చెంచా మళ్లీ గిన్నెలో ఎందుకు పెట్టకూడదో నేను జనానికి చెప్పడం అప్పుడే ముగించాను. ఆమె మొదటి కాయ తీసుకుని, చివర చిన్న ముక్క గీరి నాలిక మీద పెట్టుకోబోయింది. పాతికమంది చూస్తున్నారు. నేను చెప్పిన శుభ్రత పాఠం అందరి ముందూ అభాసుపాలవుతుందనిపించి, ఎంగిలి చేయొద్దని ఆపాను.

“చేదు చూడకుండా సొరకాయ వండేది ఏంది మేడం?” అంది నాగేంద్రం.

ఏం కాదులే, కొయ్యి అన్నాను. ఆమె కత్తి అందుకుంది. తెల్లకోటు వేసుకున్న మనిషితో ఆమెకు వాదన ఎందుకు? గీరిన ముక్క నాలికకు తాకించి వేరే గిన్నెలో ఉమ్మేస్తే ఎంగిలి ప్రశ్నే లేదని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు అనాలి నిజానికి.

మస్తాన్ భాయ్ గురించి ఇక్కడ చెప్పాలి. మోటార్ల మెకానిక్. బోరు మోటారు కాలిపోతే చుట్టుపక్కల నాలుగూళ్ల వాళ్లు ఆయన కోసమే వస్తారు. షుగర్ పదేళ్లుగా ఉంది. మా క్లినిక్‌లో నా మాట ఖాతరు చేయని పేషెంట్లలో ఆయనది మొదటి పేరు. వారం వారం ఏం తిన్నావని అడిగితే నవ్వుతూ బిర్యానీ అనేవాడు. అంతకు ముందు గురువారమే అందరి ముందూ గట్టిగా చివాట్లు పెట్టాను. ఆయనకు కాకరకాయ రసం మీద గురి. మేడం, చేదు షుగర్‌కి మంచిదేగా అని ప్రతిసారీ అడిగేవాడు. మంచిదే కానీ మాత్రలు మానొద్దు అని ప్రతిసారీ చెప్పేదాన్ని.

ఆ రోజు కాయలు ఆవిరి మీద ఉండగా మస్తాన్ భాయ్ నాగేంద్రం దగ్గరికెళ్లి, తోడిన గుజ్జు పిండి గ్లాసుడు రసం ఇమ్మన్నాడట. సొరకాయ రసం తాగితే షుగర్ దిగుతుందని ఫోనులో వీడియో చూశాడు. ఆమె గుడ్డలో వేసి పిండి ఇచ్చింది. అదంతా అప్పుడు నాకు తెలియదు. ఆ సమయంలో నేను ఫోటో తంటాలో ఉన్నాను. వంట ప్రదర్శన జరిగినట్టు ఫోటో తీసి తొమ్మిదిన్నరలోపు మా శాఖ యాప్‌లో ఎక్కించాలి. దాటితే తీసుకోదు. సిగ్నల్ లేక ఫోను పైకెత్తి కిటికీ దగ్గర నిలబడ్డాను.

వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. “మేడం, ఇది చానా చేదుగా ఉంది. పర్లేదా?”

విన్నాను. తల తిప్పలేదు. “చేదు మంచిదే భాయ్” అన్నాను. ఫోటో ఎక్కింది.

చేదు సొరకాయ విషమని నాకు తెలియక కాదు. దోస, సొర, బీర జాతి కాయల్లో పాదు ఎండకు కష్టపడితే ఒక చేదు పదార్థం పెరుగుతుంది. వండినా పూర్తిగా పోదు. రసం తీసి పరగడుపున తాగితే కడుపులో పుండ్లు పడి, రక్తం కక్కుకుని, బీపీ పడిపోయి మనుషులు పోయిన సందర్భాలున్నాయి. దానికి విరుగుడు మందు లేదు. ఇదంతా శిక్షణకు వచ్చే పిల్లలకు నేనే పాఠం చెప్పేదాన్ని.

ఇరవై నిమిషాలయ్యాక కాయలు దించి సగాలు కోసి పంచాం. మూడో ప్లేటు అందుకున్న ముసలావిడ ముద్ద నోట్లో పెట్టి వెంటనే ఉమ్మేసింది. “ఇదేం తిండి తల్లీ, విషం!” అంది. ఆమె పక్కనున్న ఇద్దరూ ఉమ్మేశారు. నేను ఆ కాయ లోంచి గోరంత తీసి నాలిక మీద పెట్టుకున్నాను. చెవుల దాకా పాకింది ఆ చేదు. అందరినీ తినడం ఆపమని అరిచాను. ప్లేట్లు వెనక్కి లాగేసుకున్నాం. నోట్లో పెట్టుకున్నది ఎవరూ మింగలేదని ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుని ఊపిరి పీల్చుకోబోతుంటే నాగేంద్రం, “మస్తాన్ భాయ్ రసం తాగాడు మేడం, గ్లాసు నిండా” అంది. అప్పుడే బయట వరండాలో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినపడింది.

లోపలికి తెచ్చి పడుకోబెట్టారు. ఒళ్లంతా చెమట, కడుపు పట్టుకుని మెలికలు. స్టాఫ్ నర్సు వేలు గుచ్చి చూసింది. షుగర్ పడిపోలేదు. బీపీ మాత్రం బాగా తక్కువ. డాక్టరు చిన్నవాడు, మంచివాడు, చదువుకున్న పద్ధతి తప్పేవాడు కాదు. పదేళ్ల షుగర్ రోగికి చెమట, వాంతి, బీపీ పడిపోవడం కనిపిస్తే ఎవరైనా ముందు అనుమానించేది గుండెపోటునే. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా వస్తుంది. ఈసీజీలో కూడా ఏదో కొంచెం తేడా ఉందన్నాడు. నూట ఎనిమిదికి ఫోన్ చేయమని, ఈలోగా లోడింగ్ డోసు తెమ్మని నర్సుకు చెప్పాడు. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఒకేసారి ఇచ్చే మాత్రలను లోడింగ్ డోసు అంటారు.

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు రాస్తున్నది ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు. గుండెపోటే అయితే బాగుండుననుకున్నాను. గుండెపోటయితే నా తప్పు లేదు. మెమో రాదు, విచారణ రాదు, ముప్పై ఏళ్ల సర్వీసు చివర మచ్చ పడదు. బహుశా అదే అయి ఉంటుంది, ఒక గ్లాసు రసానికి ఇంత అవుతుందా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎదురుగా గడియారం ఉంది కాబట్టి ఎంతసేపో కూడా తెలుసు. ఎనిమిది నిమిషాలు నోరు మెదపలేదు.

నర్సు అరచేతిలో మాత్రలు, రెండో చేతిలో నీళ్లతో వచ్చింది. అప్పుడు మస్తాన్ భాయ్ మళ్లీ వాంతి చేసుకున్నాడు. అందులో ఎర్రగా సన్నటి చార కనిపించింది. కడుపులో పుండు పడి ఉంటే ఆ మాత్రలతో రక్తం ఆగదు. నేను నర్సు మణికట్టు పట్టుకున్నాను. మాత్రలు కిందపడ్డాయి.

డాక్టరు కోపంగా చూశాడు. పరగడుపున చేదు సొరకాయ రసం గ్లాసు నిండా తాగాడని, గుజ్జు నా ప్రదర్శనదేనని, చేదు చూడనివ్వకుండా ఆపింది నేనేనని, తాగొచ్చా అని అడిగితే మంచిదని చెప్పింది కూడా నేనేనని గడగడా చెప్పేశాను. ఆయన “ఇంతసేపు ఏం చేస్తున్నారు మేడం?” అన్నాడు. సమాధానం కోసం ఆగకుండా సెలైన్ వేగం పెంచమన్నాడు. కడుపులో యాసిడ్ తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి, నరసరావుపేటకు ఫోన్ చేసి సీనియర్ డాక్టరుతో మాట్లాడాడు. ఆ మాత్రలు ఇవ్వలేదు.

అంబులెన్సులో ఆయన భార్య ఖాసింబీ, నేను ఎక్కాం. అరగంట ప్రయాణం. ప్రతి స్పీడ్ బ్రేకరుకూ ఆయన మూలిగేవాడు. నేను సెలైన్ చుక్కలు చూస్తూ కూర్చున్నాను. బీపీ అంకె చదివే అబ్బాయి మొహం చూడాలంటే భయం వేసింది. ఏం తాగాడని ఖాసింబీ అడిగింది. చెప్పాను.

“మీరు చూసి కూడా ఊరుకున్నారా?”

“చూడలేదమ్మా. ఫోనులో ఉన్నాను.”

“అదే అడుగుతన్నా. ఆయన మిమ్మల్ని అడిగితే, మీరు ఫోను చూడటమేంది?”



ఆసుపత్రిలో కెమెరా గొట్టం వేసి చూశారు. కడుపు లోపలి పొర అంతా ఒరుసుకుపోయి, అక్కడక్కడా రక్తం చిమ్ముతోంది. గుండెకు ఏమీ కాలేదు. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. మొదటి రోజు బీపీ నిలబడలేదు. నేను డ్యూటీ చేస్తూ గంటకోసారి వెళ్లి అద్దంలోంచి చూసి వచ్చేదాన్ని. వార్డులకు పంపే ఇడ్లీల లెక్క తప్పి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేదాన్ని. ఇంట్లో అన్నం సహించలేదు. ఆయన పోతే ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

రెండో రోజు సాయంత్రానికి వాంతులు తగ్గాయి. మూడో రోజు వార్డుకు మార్చారు. అదే రోజు నాకు మెమో వచ్చింది. మెమో అంటే జరిగినదానికి వివరణ ఇవ్వమని పై అధికారి ఇచ్చే కాగితం. మా పర్యవేక్షక అధికారి నన్ను పిలిచి నా మంచి కోరే మాట్లాడారు. పేషెంటు సిబ్బందికి తెలియకుండా రసం తాగాడని రాయండి, ఫైలు అక్కడితో మూసేద్దాం అన్నారు. ఆ వాక్యం ఒక కాగితం మీద ఆయనే రాసి ఇచ్చారు. పూర్తిగా అబద్ధమూ కాదనిపించింది. గుజ్జు పిండించుకోవడం నాకు తెలియదు కదా. ఆ కాగితం సంచిలో పెట్టుకుని, సంతకం చేసే ముందు ఒకసారి చూసి వద్దామని వార్డుకు వెళ్లాను.

మస్తాన్ భాయ్ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మొహం పీక్కుపోయింది. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. క్షమించమని అడుగుదామని స్టూలు దగ్గరికి లాక్కున్నాను. ఆయనే నవ్వే ప్రయత్నం చేస్తూ అన్నాడు. “ఒక గుక్క తాగేసరికే నోరు వంకర్లు పోయింది మేడం. పారబోద్దామనుకున్నా. మీరు మంచిదన్నారుగా, ముక్కు మూసుకుని మొత్తం తాగేశా. పోయిన వారం నా మాట వినవని తిట్టారు. ఈసారి విన్నా.”

తిట్టడానికి కాదు ఆయన ఆ మాట అన్నది. మెప్పు కోసం అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అధికారి ఇచ్చిన కాగితం చించేసి, వివరణ నేనే రాశాను. చేదు పరీక్ష చేయబోతే ఆపాను. పేషెంటు అడిగాడు. చూడకుండా మంచిదని చెప్పాను. తెలిసి కూడా ఎనిమిది నిమిషాలు డాక్టరుకు చెప్పలేదు. నాలుగు వాక్యాలు, కింద సంతకం. ఒక ఇంక్రిమెంటు ఆపి, హెచ్చరిక సర్వీసు రిజిస్టరులో రాశారు. న్యాయమే. రొంపిచెర్ల గురువారాలు మాత్రం నా నుంచి తీసేయలేదు. మిగిలిన రెండేళ్లూ వెళ్లాను. మస్తాన్ భాయ్ కూడా వచ్చాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ముప్పై ఏళ్లు నేను విననివాళ్ల మీదే విసుక్కున్నాను, వాళ్ల గురించే జాగ్రత్త పడ్డాను. అది తప్పని ఆ వారం తెలిసింది. మా ఉద్యోగంలో భయపడాల్సింది మాట వినే మనిషి గురించి. విననివాడు ఎలాగూ తన ఇష్టం చేసుకుంటాడు. వినేవాడు మనం తల తిప్పకుండా అన్నది కూడా చేస్తాడు.