బీపీ మిషన్‌తో వచ్చే అత్త

పోయిన శనివారం కిషన్‌బాగ్‌లో ఒక కమ్యూనిటీ హాలుకు నన్ను పట్టుకుపోయారు. రిటైరైన నర్సును కదా, ఇలాంటి వాటికి సులువుగా దొరుకుతాను. ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు ఇంటర్ పాసైన ఆడపిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను పిలిచి తెర మీద హాస్టల్ ఫొటోలు, విదేశాల్లో ఉద్యోగాలు చూపించారు. చేరేవాళ్లు తగ్గారట, చేరినవాళ్లలోనూ కొందరు మొదటి ఏడాదే వెళ్లిపోతున్నారట. మైకిస్తే నేనూ నాలుగు మాటలు చెప్పాను. అంతా అయ్యాక వెనక కుర్చీలోంచి ఒక ముసలామె లేచి, "అమ్మా, జర బీపీ చూస్తరా?" అని అడిగింది. మేం ఐదుగురం వచ్చాం, లాప్‌టాప్ తెచ్చాం, తెర తెచ్చాం, రంగురంగుల కాగితాలు కట్టలుగా తెచ్చాం. బీపీ మిషన్ మాత్రం ఎవరమూ తేలేదు. మా మేనత్త ఉంటే మమ్మల్ని అక్కడే కడిగిపారేసేది.

అత్త పెద్ద సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు, పురానాపూల్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే పాదరసం బీపీ మిషన్ సంచిలో వేసుకుని బస్తీల్లో గల్లీ గల్లీ తిరిగేది. నర్సింగుకు పిల్లలను పంపమని అడగడానికే ఆ తిరుగుడంతా, కానీ ఆ మాట మొదట ఎత్తేది కాదు. ఇంట్లోకి పోయి చాయ్ తాగి, ఆ ఇంటి ముసలమ్మకు బీపీ చూసేది. తర్వాత ఆ ఇంటి పిల్లకు స్టెతస్కోపు ఇచ్చి, "ఇగ నువ్వు చూడు" అనేది. మనవరాలు తన చెయ్యి పట్టుకుని ఏదో వింటుంటే ముసలమ్మ మొహం వెలిగిపోయేది. తండ్రులతో వాదించవద్దు, ముసలమ్మను పట్టుకుంటే చాలు అన్నది అత్త సిద్ధాంతం. ఎవరూ చెయ్యమనని పని అది. అట్లా ఎన్ని ఇళ్ల పిల్లలను తీసుకుపోయినా, తన తర్వాత మా వంశంలో ఒక్క ఆడపిల్లా నర్సు కాలేదన్న దిగులు మాత్రం ఆమెకు ఉండేది. మిగిలింది నేనే. రిటైరయ్యేలోగా నన్ను తన వార్డులో చూసుకోవాలని ఆమె ఆశ. నాకైతే చిన్నప్పటి నుంచీ అత్త డ్యూటీకి కట్టుకునే ఆ తెల్లచీర తప్ప వేరే ఆలోచన లేదు.

అడ్డం మా బాపు. నీళ్ల డిపార్ట్‌మెంటులో ఫిట్టరు, అక్కంటే ప్రాణం, కానీ దరఖాస్తు మీద సంతకం పెట్టడు. దరఖాస్తు తెచ్చిన రోజు అత్త తన సిద్ధాంతం తనే మరిచిపోయి తమ్ముడితో వాదనకు దిగింది. "మగోళ్ల వార్డుల నా బిడ్డ తిరుగాల్నా అక్కా?" అన్నాడు బాపు. "ఇరవై ఏండ్లసంది నేనేం జేస్తున్న తమ్మీ మరి?" అంది అత్త. బాపు తల వంచుకున్నాడు గానీ కలం పట్టలేదు.

వాళ్లు ముందుగదిలో అట్లా ఉండగా, వంటింట్లో నేను మా నాయనమ్మకు బీపీ చూస్తున్నాను. రవిక చెయ్యి మీదే పట్టీ చుట్టేశాను, గాలి కొట్టాను, ఏమీ వినపడలేదు. నాయనమ్మ "ఎంతున్నదే?" అంది. వినపడలేదని చెప్పడానికి నామోషీ. పక్కింట్లో అత్త అనగా విన్న అంకె గుర్తొచ్చి, "నూట ఎనభై. ఉప్పు, తొక్కు బంద్ జెయ్" అన్నాను. ఈలోగా డ్యూటీకి వేళయిందని అత్త మిషన్ లాక్కుని పరుగెత్తింది. తను మళ్లీ చూడకుండా వెళ్లడం ఆమె జన్మలో అదొక్కసారేనేమో.

మా నాయనమ్మ ఎవరి మాటా వినే మనిషి కాదు. డాక్టరు చెబితే డాక్టరుకే తిరిగి చెప్పేది. అలాంటిది మర్నాటి నుంచి చప్పిడి తిండి మొదలుపెట్టింది. మామిడి తొక్కు జాడీ వైపు చూసి మొహం తిప్పుకునేది. నాకు ముద్ద దిగేది కాదు, అలాగని నిజం చెప్పే ధైర్యమూ లేదు. పది రోజుల తర్వాత ఆదివారం చర్చి అయ్యాక అత్త వచ్చింది. దరఖాస్తుకు మర్నాడే ఆఖరు. కూర్చుంటూనే తల్లికి బీపీ చూసి, మళ్లీ చూసి, "మంచిగనే ఉన్నది గద, గీ చప్పిడి కూడేంది?" అంది. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను.

అత్త తిట్టలేదు, అదే నాకు భయమేసింది. "వినవడకుంటే వినవడలే అను. మల్ల చూడు. ఇంట్ల గనుక తొక్కుతోని పోయింది, వార్డులైతే పానమే వోతుండె" అని ఊరుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు బాపు నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "అక్కా, పుట్టిబుద్ధెరిగి అమ్మ ఒకల మాట విన్నది నేను సూడలే. గీ పోరి మాటకు పది దినాలు ఉప్పు మానింది. ఏడ పెట్టాల్నో సూపియ్యి సంతకం" అన్నాడు. నాయనమ్మ మాత్రం, "నా పది దినాల తొక్కు ఎవలిస్తరే?" అని నన్ను వారం దాకా సాధించింది.

చేరిన మూడో నెలలో నా కళ్ల ముందే ఒక పేషెంట్ పోయాడు. ఇక నావల్ల కాదని పురానాపూల్ వెళ్లాను. అప్పటికే అక్కడ ఇద్దరు స్టూడెంట్లు ముక్కులు చీదుకుంటూ కూర్చుని ఉన్నారు. ధైర్యం చెప్పడం అత్తకు చేతకాదు. కంచం ముందు పెట్టి, "ఏడువు బిడ్డా, ఫికర్ లేదు. గని తిన్నంక ఏడువు" అనేది. అన్నం తిన్నాక ఎవరికీ అంత ఏడుపు వచ్చేది కాదు. మర్నాడు అందరం డ్యూటీకి పోయేవాళ్లం. ఆ కంచాలు లేకపోతే మాలో సగం మంది నర్సులం అయ్యేవాళ్లం కాదు. ఈ మాట ఆమె ఉండగా ఆమెకు చెప్పలేదు.

ఉద్యోగం వచ్చి అత్త వార్డులోనే నాకు డ్యూటీ పడేసరికి ఆమె రిటైర్మెంటుకు పదకొండు రోజులే ఉన్నాయి. ఆ పదకొండు రోజులూ నన్ను "సిస్టర్" అనే పిలిచింది, మేనకోడలినని ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం రెండింటికి మంచం మంచం దగ్గరా ఆగి, పేషెంట్ పేరు, మందులు, రాత్రి పడిన బాధ అన్నీ నాకు అప్పగించింది. చివరి మంచం దగ్గర, "ఇగ వార్డు నీది సిస్టర్" అంది. గేటు దాకా తోడు వెళ్లాలని పొద్దుటి నుంచీ అనుకుంటున్నాను. అంతలో ఏడో మంచం దగ్గర సెలైన్ అయిపోయిందని కేక వేశారు. పరుగెత్తాను. సీసా మార్చి తిరిగి చూస్తే అత్త లేదు. తలుపు దగ్గర చాలాసేపు నిలబడి నన్నే చూసిందని, పిలవమంటారా అంటే వద్దందని ఆయా తర్వాత చెప్పింది.

ఆదివారం కలుస్తాం కదా అనుకున్నాను. కలిశాం కూడా, ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు ఆ ఇంట్లో ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. గేటు దాకా తోడు వెళ్లాల్సిన ఆ మధ్యాహ్నం రెండు గంటల వేళ మాత్రం ఒక్క ఆదివారంలోనూ నాకు మళ్లీ దొరకలేదు.