పదిహేడో కుప్ప

కొల్లేటి లంకలో చేపల వాటాలు వేసేవాడు మల్లయ్య. చేపను చేత్తో పట్టుకుంటే చాలు, కడుపులో గుడ్లెన్నో చెప్పేవాడనీ, తప్పితే ఒకటీ అరా తప్పేవాడనీ ఆకివీడు దాకా చెప్పుకునేవారు. వల లాగినవాళ్లు ఎందరో అన్ని కుప్పలు. మల్లయ్య వాటికి వీపు పెట్టి కూర్చునేవాడు. కుప్పలు పోసే బుల్లెమ్మ ఒకదాని మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అంటే, చూడకుండా ఒక పేరు చెప్పేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్క తగువు రాలేదు. లాగనివాడికి వాటా లేదన్నది కూడా అతను పెట్టిన కట్టుబాటే.

యాభై అయిదు ఎన్నికల ముందు అతని కుడిచెయ్యి పడిపోయి, వల లాగలేకపోయాడు. పది రోజులుగా పదహారు కుప్పలకు పదహారు పేర్లు చెప్పి, ఖాళీ బుట్టతో ఇంటికి పోతున్నాడు. ఇంట్లో అతనికీ భార్యకూ గింజలు అడుగంటాయి. ఎవరైనా చేప ఇవ్వబోతే కోప్పడతాడు.

ఆ రోజుల్లోనే ఏలూరు నుంచి జెండాల పడవలు వచ్చేవి. ఒక పడవ కమ్యూనిజం అనేది, ఇంకో పడవ సోషలిజం అనేది. మల్లయ్యకు ఆ తేడా ఏమిటో తేలక నిద్ర పట్టలేదు. వలలు ఆరేసే చోట బడి పంతులు వరదానాన్ని పట్టుకున్నాడు.

"రెంటికీ తేడా ఏంటండీ మాస్టారూ?"

"కొల్లేరూ వలా అందరివీ అనేది రెండూనయ్యా. సోషలిజంలో పనిని బట్టి వాటా. కమ్యూనిజం దాని తరవాతి మెట్టంటారు. చేతనైనంత పని చేస్తారు, అవసరమైనంత తీసుకుంటారు."

"చేతకానివాడో?"

"వాడికీ అవసరం ఉంటుందిగా."

"అదెప్పుడొస్తుందండీ?"

"అందరికీ పుష్కలంగా ఉన్నప్పుడని రాశారు."

"కొల్లేట్లో చేపలకి కొదవేంటండీ?"

"రాసినవాళ్లు కొల్లేరు చూసుండరు."

పక్కనే వల ఆరేస్తున్న బుల్లెమ్మ అంతా విన్నది.

మర్నాడు పదహారో పేరు చెప్పి మల్లయ్య లేవబోయాడు.

"కూకో బావా," అంది బుల్లెమ్మ. "ఇది ఎవరిది?"

"లాగింది పదహారు మందే."

"లెక్క నాకూ వచ్చు. ఇది ఎవరిది?"

వల లాగినవాళ్లు ఒక్కరూ తమ కుప్ప ఎత్తుకోలేదు.

"అవసరమైనవాడిది," అన్నాడు మల్లయ్య.

"ఆడికి పేరు లేదా?"

"నువ్వే చెప్పు."

"పేర్లు చెప్పేది నువ్వు. నేను చెబితే ముష్టవుద్ది బావా."

"మల్లయ్యది," అన్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే కుప్పలో మిగతావాటికంటే రెండు కొర్రమీనులు ఎక్కువ కనిపించాయి.

"ఎక్కువేశావేంటి?"

"అక్కకీ ఆకలేస్తదిగా."

అతను ఒకటి తీసి పక్క కుప్పలోకి విసిరాడు. రెండోదాన్ని ఎడమచేత్తో బుట్టలో వేసుకున్నాడు.