కరెంటు పోతే సైమికి ఫోన్

మా మంచుదేశపు పల్లె హౌకివారలో కరెంటు పోతే జనం ముందు సైమికి ఫోన్ చేస్తారు. కంపెనీకి చేయరు. కంపెనీకి చేస్తే ఒక మిషను ఎత్తి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. చీకట్లో ఒకటెక్కడో రెండెక్కడో ఎవడికి కనపడుతుంది? సైమి అయితే ఎత్తి, "ఆఁ, నీకూ పోయిందా" అంటుంది. ఆ మాటతో కరెంటేమీ రాదు గాని, మనిషికి కాస్త నిమ్మళిస్తుంది.

సైమికి డెబ్బై నాలుగేళ్ళు. అందులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆ కంపెనీలోనే ఫిర్యాదుల ఫోను ముందు కూర్చుంది. ఏ ఇంటికి ఏ స్తంభం నుంచి తీగ వెళ్తుందో, ఏ మలుపులో ఏ చెట్టు వాలి ఉందో, ఎవరింట్లో పసిపిల్లలున్నారో, ఎవరి ఆవులకి మిషనుతో పాలు తీస్తారో, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. మొగుడు అదే కంపెనీలో లైన్‌మన్. ఆమె ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి స్తంభం ఎక్కేవాడు. ఇంట్లోనూ అదే ఏర్పాటు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె రిటైరై ఆరేళ్ళయింది. వీడ్కోలు రోజున కంపెనీ వాళ్ళు ఒక కేకు, ఒక టార్చిలైటు ఇచ్చి, ఆమె కుర్చీలో ఆ మిషనుని కూర్చోబెట్టారు. దానికి హౌకివార ఏ దిక్కున ఉందో కూడా తెలీదు పాపం.

యూరో నోట్లు వచ్చాక రెండో చలికాలం అది. డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం, టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడు నవ్వుతూ, రేపు పొద్దున తుఫాను వస్తుందని, పెద్ద చలి ఉండదని, సున్నా దగ్గరే ఉంటుందని చెప్పాడు. ఏదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"నీ మొహం," అంది సైమి టీవీతో.

నిజానికి మైనస్ ఇరవై డిగ్రీల చలి వస్తే భయపడాల్సిన పనేమీ లేదు. మంచు పిండిలా రాలుతుంది, చెట్టు ఒకసారి విదిలించుకుంటే పోతుంది. సున్నా దగ్గర పడే తడిమంచే అసలు శని. ముద్దలు ముద్దలుగా కొమ్మకి అంటుకుంటుంది. చెట్టు మోసినంతసేపు మోసి, వెళ్ళి తీగల మీద పడుకుంటుంది. పోనీ ఫ్రీజర్లో ఉన్న దుప్పి మాంసం బయట మంచులో పెట్టుకుందామన్నా, అక్కడా నీళ్ళే కారుతుంటాయి. అటు చలీ కాదు, ఇటు వేడీ కాదు. ఇలాంటి వాతావరణాన్ని చూస్తే సైమికి ఒళ్ళు మండుతుంది.

ముందు తన ఇల్లు చూసుకుంది. బావి మోటారు కరెంటుదే కాబట్టి ఇంట్లో ఉన్న బకెట్లన్నీ నింపింది. ఐదుసార్లు చేతుల నిండా కట్టెలు లోపలికి మోసింది. దీపం వత్తి కత్తిరించింది. తర్వాత నడవలో ఫోను పక్కన కుర్చీ వేసుకుని పదకొండు ఇళ్ళకి వరసగా ఫోన్లు చేసింది. ఏటా తుఫాను ముందు ఆమె చేసే పనే ఇది. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు.

అన్సెల్మి ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు. ఎనభై తొమ్మిది.

"నీళ్ళు పట్టావా అన్సెల్మీ?"

"పట్టకుండా ఉంటానా? బాల్చీడు పట్టా."

"బాల్చీడు చాలదు. ఇంకో రెండు పట్టు."

"ఒక్క ముసలాణ్ణి, అన్ని నీళ్ళేం చేసుకోను?"

"స్నానం చెయ్యి. ఊరు సంతోషిస్తుంది."

పాడి పెట్టుకున్న రైలికి నలభై రెండు ఆవులు. ట్రాక్టరుతో తిప్పే జనరేటరు ఉంది. అది ఒకసారి తిప్పి చూశావా అని సైమి అడిగితే, "చూశాను సైమక్కా, నిన్ననే చూశాను" అంది రైలి. ఆ గొంతు విని సైమి, "అయితే ఇప్పుడు వెళ్ళి చూడు" అంది.

పదకొండు అయ్యాయి. పన్నెండో ఇల్లు ఒకటి మిగిలింది. ఆ నంబరు చూసుకోనక్కర్లేదు. పుట్టి పెరిగిన ఇంటి నంబరది. సరస్సుకి అవతల గట్టున ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె తమ్ముడు ఒస్మో ఒక్కడే ఉంటున్నాడు. అరవై తొమ్మిదేళ్ళవాడు. గుండెకి ఒకసారి ఆపరేషన్ అయింది. పెళ్ళీ పెటాకులూ లేవు.

నాలుగేళ్ళ కిందట ఒస్మో ఒక ఘనకార్యం చేశాడు. వాళ్ళ నాన్న ఒక్కో ఇటుకా పేర్చి కట్టిన పెద్ద రొట్టెల పొయ్యిని, వంటింట్లో సగం ఆక్రమించి ఇల్లంతటినీ రెండు రోజులు వెచ్చగా ఉంచే పొయ్యిని, పగలగొట్టి బండిలో పారబోయించాడు. గదికో కరెంటు హీటరు పెట్టించాడు. పొయ్యి ఉన్నచోట సోఫా వేశాడు. సైమి చూడ్డానికి వెళ్ళింది. ఆ సోఫా మీద కూర్చోనైనా లేదు. "నాన్నని రెండోసారి పాతిపెట్టావురా," అంది. పోసిన కాఫీ పోసినట్టే వదిలేసి వచ్చేసింది. మా వైపు కాఫీ వదిలేసి లేచిపోవడమంటే చెంప మీద కొట్టి పోవడంతో సమానం. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళు కొట్లో ఎదురుపడితే తల ఊపుకుంటారు. అంతే. ఎవరి పంతం వాళ్ళది.

సైమి ఫోను ఎత్తి మూడంకెలు తిప్పింది. ఆపింది. పొయ్యి పగలగొట్టింది వాడు. అవసరం వాడిది. వాడే చేస్తాడులే అనుకుంది. ఫోను పెట్టేసి పడుకుంది.

మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక కరెంటు పోయింది. తొమ్మిదీ ఇరవై రెండుకి ఫోను మోగింది. నడవలో ఉన్నది పాత కాలపు ఫోను, దానికి కరెంటుతో పనిలేదు.

"సైమీ, కరెంటు పోయింది," అన్నాడు అన్సెల్మి.

"తెలుసు."

"ఎప్పుడొస్తుంది?"

"నాకెలా తెలుస్తుంది? నేను రిటైరై ఆరేళ్ళయింది."

"అది సరేగాని, ఎప్పుడొస్తుంది?"

బయట ఆకాశమే ఊడి పడుతున్నట్టుంది మంచు. అడవి వైపు నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఫెళఫెళమని చెట్లు విరుగుతున్న చప్పుడు. సైమి ఫోను పెడితే చాలు, మళ్ళీ మోగుతోంది. ఒకావిడకి రొట్టె సగం కాలి ఆగిపోయింది, తినొచ్చా అని సందేహం. ఒకాయన ఫ్రీజరు తెరిచి చల్లదనం ఇంకా ఉందో లేదో గంటకోసారి చూస్తున్నాడట. "తెరిచి చూస్తే ఎలా ఉంటుందయ్యా మహానుభావా!" అని సైమి అరిచింది. రైలి జనరేటరు నడవలేదు. ఏ తీగ ఊడదీసి ఎక్కడ తగిలించాలో సైమి ఇక్కణ్ణుంచే చెప్పింది. ఇరవై నిమిషాలకి నడిచింది. మళ్ళీ అన్సెల్మి. కరెంటు ఇంకా రాలేదని చెప్పడానికి చేశాడు. పొయ్యిలో కట్టె వెయ్యండి, తలుపులు మూసుకోండి, పొగగొట్టం మూత తెరవడం మరిచిపోకండి అని అందరికీ చెప్పింది. చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. ఎప్పుడు లేచి తెచ్చుకుందో ఏమో, ఒంటి మీద కోటు, తల మీద ఉన్ని టోపీ ఉన్నాయి.

పన్నెండున్నర దాటాక గాలి తగ్గింది. ఫోను ఊరుకుంది. అప్పుడు తట్టింది ఆమెకి, ఒస్మో చెయ్యలేదని.

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో సైమి నేర్చుకున్నది ఒకటుంది. ఫోన్ చేసి తిట్టేవాళ్ళకి ఏమీ కాదు. ఏడ్చేవాళ్ళకీ పెద్దగా ఏమీ కాదు. మా జనంలో, ఇంకొకళ్ళని ఎందుకు ఇబ్బంది పెట్టడమని నోరు నొక్కుకుని కూర్చునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకే ప్రమాదం.

ఆమె ఫోను తిప్పింది. ఈసారి అంకెలన్నీ తిప్పింది. అవతల మోగింది. మోగుతూనే ఉంది. ఇరవై దాకా లెక్కపెట్టి పెట్టేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

పొయ్యిలేని ఇల్లు. హీటర్లు చచ్చి మూడున్నర గంటలు. పాత గోడలు, సందుల్లోంచి గాలి. పోనీ పెరట్లో ఆవిరిస్నానాల గది సౌనాలో కట్టెల పొయ్యి రాజేసుకుని కూర్చుంటాడేమో అనుకుందామంటే, ఆ కరెంటు మోజులో సౌనాకి కూడా కరెంటు పొయ్యి కొన్నాడని కొట్లో చెప్పారు. నిన్న ఒక్క మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది అనుకుంది. ఊరందరికీ చేశాను, వాడికి తప్ప. వాడికేమైనా అయితే నేను మనిషినేనా?

రైలికి ఫోన్ చేసింది.

"రైలీ, ట్రాక్టరు కావాలి."

"దేనికక్కా?"

"ఒస్మో ఎత్తడం లేదు."

సైమి ఎవరినైనా ఏదైనా అడగడం రైలి పుట్టాక ఇదే మొదటిసారి. "నాలుగింటికి పాలు తియ్యాలి. ఈలోపు వెళ్ళొద్దాం. బయటికొచ్చి నిలబడు," అంది.

ట్రాక్టరు క్యాబిన్‌లో ఒక్కరికే చోటు. ఇద్దరూ ఇరుక్కున్నారు. సైమి ఒళ్ళో మోటారు రంపం. మామూలుగా పావుగంట దారి. మూడు చోట్ల స్ప్రూస్ చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. రైలి దిగి కోస్తుంటే సైమి కొమ్మలు లాగి పక్కన పడేసింది. వద్దక్కా, నడుం పట్టేస్తుంది అంటే వినలేదు. రెండు దాటింది. వెలుగు అప్పుడే సన్నగిల్లుతోంది.

ఇంటి ముందు ఒక్క అడుగు జాడ లేదు. తలుపు తాళం వేసి లేదు. సైమి వంటింట్లోకి వెళ్ళింది. గోడ మీద థర్మామీటరు పదకొండు చూపిస్తోంది. సోఫా ఖాళీ. పడగ్గదిలో మంచం నున్నగా సర్ది ఉంది. మీద దుప్పటి మాత్రం లేదు. "ఒస్మో!" అని పిలిచింది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఒరేయ్ ఒస్మో!"

"అక్కా, ఇటు రా," అంది రైలి వెనక గుమ్మంలోంచి. "పొగ."

పెరట్లో గట్టు వారగా ఉన్న సౌనా పొగగొట్టం నుంచి పొగ వస్తోంది. ఎగిరే మంచులో కలిసిపోయి ముందు నుంచి కనపడలేదు. సైమి మోకాళ్ళ లోతు మంచులో పడుతూ లేస్తూ వెళ్ళి తలుపు లాగింది.

లోపల బట్టలు మార్చుకునే చిన్న గదిలో, బల్ల మీద పరుపేసుకుని, ఉన్ని మేజోళ్ళతో, దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు ఒస్మో. పక్కన బ్యాటరీ రేడియో సన్నగా పాడుతోంది. పొయ్యి రాళ్ళ మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి.

"తలుపెయ్యి," అన్నాడు. "వేడి పోతోంది."

రైలి ఒకసారి లోపలికి తొంగి చూసింది. "బతికే ఉన్నాడు," అంది ఎవరితోనో అన్నట్టు. ఆవులున్నాయని చెప్పి వెళ్ళిపోయింది.

సైమి తలుపు వేసింది. కూర్చోలేదు.

"సౌనాకి కూడా కరెంటు పొయ్యి పెట్టించావన్నారు?"

"కొన్నాను. పెట్టించలేదు. అటకమీద అట్టపెట్టెలోనే ఉంది."

"ఏం?"

"నువ్వేమంటావోనని."

సైమి కోపం తెచ్చుకుంది. "ఫోన్ చెయ్యడానికేం రోగంరా నీకు? నేనక్కడ చచ్చిపోతున్నా!"

"చేశాను."

"అబద్ధం."

"తొమ్మిదిన్నర నుంచి చేశాను. పదమూడు సార్లు. ఎప్పుడు చేసినా ఎంగేజే. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇక మానేసి ఇటొచ్చా."

"పదమూడు సార్లా?"

"పదమూడు."

"అంత ఏం కావలసొచ్చింది నీకు?"

"నాకేం కావాలి?" అన్నాడు ఒస్మో, ఆ ప్రశ్న అర్థం కానట్టు. "కట్టెలున్నాయి, తిండుంది. నువ్వెలా ఉన్నావో అడుగుదామని. నీ ఇల్లు వెచ్చగా ఉందా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో, ఆ పైన ఆరేళ్ళలో, ఎన్ని వేల ఫోన్లు ఎత్తిందో సైమికే తెలీదు. ఆ మాట అడిగినవాడు ఒక్కడూ లేడు. అడగాలని ఎవరికీ తట్టలేదు, అడగలేదని ఆమెకీ తట్టలేదు. వెచ్చగానే ఉందని చెప్పబోయింది. అలా చెప్పడమే అలవాటు. నోరు తెరిచాక ఇల్లు గుర్తొచ్చింది. కోటు, టోపీ గుర్తొచ్చాయి.

"లేదు," అంది. "పొయ్యి ఆరిపోయింది."

"ఎప్పుడు?"

"పదింటికి కాబోలు. చూసుకోలేదు."

ఒస్మో నవ్వలేదు. తిట్టలేదు. పొయ్యి వైపున్న చోటు ఖాళీ చేసి తాను గోడవైపుకి జరిగాడు. సైమి అక్కడ కూర్చుంది. చేతులు పొయ్యి వైపు చాపింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని ఆగలేదు.

ఒస్మో చెయ్యి చాచి రేడియో గొంతు పెంచాడు. అందులో ఎవరో సముద్రం మీద పడవలవాళ్ళకి గాలి కబుర్లు చదువుతున్నారు. హౌకివారకి సముద్రం నూట ఎనభై కిలోమీటర్లు. అయినా ఆమె ఏడ్చినంతసేపూ అతను దాన్ని చాలా శ్రద్ధగా విన్నాడు.