కౌంట్ తగ్గింది బావా

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. నా పేరు తెలియని మీకే చెప్పగలను.

మాది మాచర్ల వైపు. క్వారీలో రాతి కుప్పలు కొలిచి లెక్క కట్టడం నా పని. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆ ధైర్యంతో వీధిలోవాళ్ల రక్తపరీక్షల రిపోర్టులూ చదివి చెప్పేవాణ్ని. మా క్వారీలోనే డ్రిల్లింగ్ చేసే బావకి, అంటే మా అక్క భర్తకి, హెపటైటిస్ బి. మందులు వాడేవాడు.

ఒకసారి నరసరావుపేట ఆసుపత్రిలో రిపోర్టు చేతికి రాగానే చూశాను. వైరస్ కౌంట్ బాగా పడిపోయింది. వెంటనే అక్కకి ఫోన్ చేసి జబ్బు తగ్గిపోతోందని చెప్పేశాను. తర్వాత, బావ బయట టీ తాగుతుండగా, డాక్టరు గారు నన్ను పిలిచారు. కౌంట్ తగ్గినా లివర్ దెబ్బతింటూనే ఉందన్నారు. డెల్టా అని, హెపటైటిస్ డి అని కూడా అంటారట, ఇంకో వైరస్ ఉందట. బి ఉన్నవాళ్లకే అంటుకుంటుందట. అది చేరితే చాలామందిలో బి అణిగిపోయినట్టు కనిపిస్తుంది, లివర్ మాత్రం త్వరగా గట్టిపడిపోతుంది. ఆ పరీక్ష కూడా చేయించమన్నారు.

తల ఊపి బయటికి వచ్చాను.

"ఏందిరా, ఏమన్నాడు?" అన్నాడు బావ.

"కౌంట్ చానా తగ్గింది బావా."

"ఇంకేమన్నా చేయించాలా?"

"ఏం లేదు."

"మరి మొహం అట్టా పెట్టావేంది? కామెర్లు నాకా, నీకా?" అని నవ్వి, భుజం మీద చెయ్యి వేశాడు.

ఎందుకు దాచాను? ఖర్చుకి భయపడి కాదు. అక్కకి చెప్పేసిన నా లెక్క తప్పని ఒప్పుకోలేక. లారీ కదలకుండా రాతి కుప్ప తరిగితే, ఎవడు ఎత్తుకుపోయాడని మొదట అడిగేది నేనే. ఆ రోజు కౌంట్ తరిగితే ఆ ప్రశ్న నాకెందుకు రాలేదు? వచ్చింది. దాని నోరు నొక్కేశాను.

ఏళ్ల తర్వాత వేరే డాక్టరు ఆ పరీక్ష చేయించారు. డెల్టా ఉంది. అప్పటికే లివర్ గట్టిపడిపోయింది. ఇప్పుడు బావ పొట్టలో నీరు చేరుతోంది, తీయిస్తే మళ్లీ చేరుతోంది. ముందే తెలిసినా ఆపగలిగేవాళ్లమో లేదో చెప్పలేమన్నారు. ఆ మాట పట్టుకుని బతకొచ్చేమో. కానీ తేల్చుకోవాల్సింది బావ. ఆ అవకాశం నేను తీసేశాను.

మొన్న కూడా రిపోర్టు నా చేతికే ఇచ్చాడు. చదివాను. ఒక్క అంకె దాచలేదు. అంతా విని, "అప్పుడు తగ్గిందిగా?" అన్నాడు.

"అవును బావా" అన్నాను.

బావ కళ్లు మూసుకున్నాడు. అతనికి చెప్పలేని వాక్యం ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు డాక్టరు గారు ఇంకో పరీక్ష చేయించమన్నారు.