రంగునీళ్ళ శిక్షణ

ఆ యేడు ఏప్రిల్ నెల పదిహేడవ తేదీ, సోమవారం. కురవాలా వద్దా అన్న మీమాంసలో పడిన వేసవి వాన, తెల్లవారినది మొదలు సన్నని తుంపరతో కాలక్షేపం చేస్తోంది. అటువంటి ఉదయాన బస్సు కండక్టరుగారి రెండో కూతురు, ఇంటిల్లిపాదీ పిచ్చుక అని పిలిచే పిల్ల, తండ్రి డ్యూటీ చేసే బస్సులోనే వచ్చి జీవవైద్య పరిశోధనా సంస్థ ఎదుట దిగింది.

"టిక్కెట్టు తీసుకున్నావా?" అన్నాడు తండ్రి మెట్టు మీద నిలబడి.

"నాన్నా! అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చెకింగ్ వాళ్ళొస్తే కూతురని వదిలేస్తారా?" అన్నాడే గాని, విజిల్ మాత్రం ఊదవలసినదానికంటే గట్టిగా ఊదాడు.

ఆ సంస్థవారికి ఒక పథకం ఉంది. పరిశోధనాలయం గడప తొక్కే యోగం తరతరాలుగా దక్కని ఇళ్ళనుంచి పిల్లలను ఎంచి తెచ్చి, వేసవి పొడుగునా ప్రయోగశాలలో పని నేర్పి, చివర ఒక సిఫారసు లేఖ ఇచ్చి పంపుతారట. ఆ లేఖ చేతిలో ఉంటే పరిశోధక విద్యార్థిగా సీటు వచ్చినట్టే. పిచ్చుకకు కావలసినది అదొక్కటే. నానమ్మ కడుపులో కణితి ఎందుకు పెరిగిందని చిన్నప్పుడు అడిగితే, "పెరుగుతాయమ్మా, అంతే" అన్నాడు డాక్టరు. ఆ జవాబు ఆమెకు నాడూ నచ్చలేదు, నేడూ నచ్చలేదు.

పథకానికి అధిపతి సంస్థ డైరెక్టరుగారే. చేతిలో మైకు లేకుండా ఆయనను చూసినవారు లేరు గనుక నౌకర్లు మొదలు శాస్త్రవేత్తల దాకా అందరికీ ఆయన మైకాయనే. మొదటి వారమంతా ఆయన పరిచయోపన్యాసాలు. రెండవ వారం ప్రేరణోపన్యాసాలు. వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియ అని ఒకటున్నది: ఒకరు చేయిస్తారు, మరొకరు చేస్తారు. ఇక్కడి ప్రేరణ అంతకంటే సులువైనది. చేయించేవారు లేరు, చేసేవారూ లేరు. చప్పట్లు మాత్రం ఉన్నాయి. మూడవ వారం ఫోటోలు. పిల్లలందరికీ తెల్లకోట్లు తొడిగి, పిపెట్లు చేతికిచ్చి, కిటికీ వైపు ఆశగా చూడమన్నారు. కిటికీ అవతల ఉన్నది స్కూటర్ల షెడ్డు.

దాతలు వస్తున్నారనగానే మైకాయన పిచ్చుకను పిలిపించాడు.

"నీ కష్టాలు చెప్పాలమ్మా, రెండు నిమిషాలు."

"మా నాన్న కండక్టరండీ. ఉద్యోగం పర్మనెంటే."

"అది వద్దు. కళ్ళు చెమర్చేది ఏదైనా..."

"సాయంత్రం బస్సులో రద్దీ ఎక్కువండీ. కాళ్ళు తొక్కేస్తారు."

ఆయన మొహం మాడ్చుకుని మరొకరిని పిలిచాడు.

ఇంతకూ ఆమె మనసంతా మేడ మీది కల్చర్ గదిలో ఉంది. మనిషి శరీరంలోని కణాలను గాజు ఫ్లాస్కులలో గులాబీరంగు ద్రవం పోసి, వెచ్చని ఇంక్యుబేటర్‌లో పసిబిడ్డల్లా సాకే గది అది. దాని యజమానురాలు ఒక సీనియర్ పరిశోధకురాలు. నిప్పుల మీద ఉప్పు చల్లినట్లు మాట్లాడుతుంది గనుక చిటపటలమ్మ అన్న పేరు స్థిరపడింది. శిక్షణకు వచ్చిన పిల్లలకు ఆ గదిలో ప్రవేశం లేదు. "పాడుచేస్తారు" అన్నది మైకాయన తీర్మానం. ఈత నేర్పుతామని పిలిచి, తడుస్తారేమోనని గట్టు మీదనే కూర్చోబెట్టే గురువులు లోకంలో కొత్తేమీ కాదు.

దాతలు వచ్చే ముందురోజున చిటపటలమ్మ ఊళ్ళో లేదు. మైకాయన ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసి నిట్టూర్చాడు. అరల నిండా ఫ్లాస్కులు ఉంటేగదా పని జరుగుతున్నట్లు కనబడేది! ఉన్నవేమో ఒక మూల పదో పన్నెండో. వెంటనే ఖాళీ ఫ్లాస్కులు తెప్పించి, కుళాయినీళ్ళు పట్టించి, చిక్కగా గులాబీరంగు కలిపించాడు.

"నువ్వు రామ్మా, ఇవన్నీ లోపల చక్కగా సర్దు."

ఆ గదిలో అడుగుపెట్టడం పిచ్చుకకు అదే మొదలు. గుమ్మం బయటే చెప్పులు విడిచి వచ్చింది.

"మేడమ్‌ని ఒకమాట అడగనా సార్?"

"డైరెక్టర్ ఎవరు? ఆవిడా, నేనా?"

కుళాయినీటిలో కంటికి కనబడని క్రిములెన్ని ఉంటాయో ఆమె పుస్తకాల్లో చదివింది. మూత పెట్టిన సీసాలోది సీసా దాటి రాదులెమ్మని సరిపెట్టుకుంది. ఆ ఫ్లాస్కుల మూతలు గాలి ఆడేలా వదులుగా ఉంటాయని ఆమెకు చెప్పినవారు లేరు. దాతలు వచ్చారు, చూశారు, మురిసిపోయారు, టీ తాగి వెళ్ళారు. రంగునీళ్ళు తీసేయాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. పైగా ఆ తరువాత సెలవులు.

సెలవులయ్యాక చిటపటలమ్మ తలుపు తీసేసరికి ఇంక్యుబేటర్ నిండా బూజు. రంగునీళ్ళతోపాటు ఆమె రెండేళ్ళుగా సాకిన కణాలు కూడా బూడిదరంగు నూగు కప్పుకొని చచ్చిపడి ఉన్నాయి. ఆ రోజు ఆమె ఎవరినీ తిట్టలేదు. అందుకే అందరికీ భయమేసింది.

మైకాయన మాత్రం చురుకుగా ఒక కాగితం తయారుచేయించి పిచ్చుక ముందు పెట్టాడు. "శిక్షణార్థి తన అజ్ఞానంచేత అశుద్ధజలమును లోపల పెట్టినది. తత్ఫలితముగా నష్టము సంభవించినది. సంస్థచే విచారణ జరుపబడినది." కర్మణి ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదని పెద్దలు ఏనాడో తేల్చారు. అయినా కార్యాలయాలలో అది చిరంజీవి. కర్త దాక్కోవడానికి అంతకంటే మంచి చాటు భాషలో మరొకటి లేదు. ఆ కాగితంలో అమ్మాయి చేసినది మాత్రం కర్తతో సహా సుస్పష్టం. తక్కిన పనులన్నీ వాటంతట అవే జరిగిపోయాయి.

"సంతకం పెట్టు. నీ సిఫారసు లేఖ నీకిచ్చేస్తాను."

"ఇందులో సగమే ఉందండీ. పెట్టింది నేనే. పెట్టమన్నది మీరు. రెండూ రాయించండి, పెడతాను."

"నీ మంచికే చెబుతున్నాను. రేపటిదాకా ఆలోచించుకో."

ఇంటికి వచ్చి తండ్రితో చెప్పింది. ఆయన చొక్కా గుండీలు విప్పుతూ విప్పుతూ ఆగిపోయాడు.

"ఒక్క గీత గీస్తే నీ సొమ్మేం పోతుందే?"

"పెట్టేయమంటావా నాన్నా?"

"నన్నడక్కు తల్లీ. అడిగితే పెట్టమనే అంటాను. నీ సీటు పోతుందంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే, నన్నడక్కు."

మరునాడు పిచ్చుక మైకాయన గదికి పోలేదు. తిన్నగా మేడ ఎక్కింది. చిటపటలమ్మ ఒంటరిగా అరలు ఊడదీస్తోంది.

"మేడమ్, అవి పెట్టింది నేనే. కడగడానికి వచ్చాను."

"ఎవరు పెట్టమన్నారో చెప్పవేం?"

"మీరు అడగలేదు కదండీ."

"అడగాలా? అంత గులాబీ ఎవరి బుర్రలో పుడుతుందో నాకు తెలీదూ? పెట్టేముందు నాకు ఫోన్ చేయడానికి నీకేమొచ్చింది?"

"భయమేసిందండీ."

"ఇకమీదట నేనంటే భయపడు. ఆ గ్లవ్స్ తొడుక్కో. అట్లా కాదు. ముందు చేతులు కడుక్కో!"

ఇంక్యుబేటర్‌ను విప్పి కడగడం, ఆరబెట్టడం, వెచ్చబెట్టడం, కొత్తగా కణాలు తెచ్చి బతికించడం, అవి మళ్ళీ చస్తే ఎందుకు చచ్చాయో వెతకడం: శిక్షణ అన్న మాటకు అర్థం ఆ వేసవిలో అప్పుడు మొదలైంది. రోజుకు పది తిట్లు, ఒక పాఠం. పథకంవారి లేఖ రాలేదు. ఆ యేడు సీటూ పోయింది. తండ్రి కొన్నాళ్ళు ఆ సంస్థ స్టాపు దగ్గర విజిల్ ఊదకుండా, తలుపు మీద చేత్తో బాది బస్సు కదిలించాడు. మరుసటి యేడు చిటపటలమ్మ రాసిన నాలుగు వాక్యాల లేఖతో, వేరే చోట, పిచ్చుకకు సీటు వచ్చింది.

సంస్థ కరపత్రంలో మాత్రం ఆమె ఫోటో ఏటేటా పడుతూనే ఉంది. దాని కింద "మా పథకం పెంచిన మొక్క" అని రాశారు. చాలా ఏళ్ళకు ఆ మొక్క ఒక ప్రయోగశాలకు అధిపతి అయిందని తెలిసి, వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రమ్మని మైకాయనే స్వయంగా ఆహ్వానం పంపాడు. ఆమె పంపిన జవాబు ఇది:

"డైరెక్టరుగారికి నమస్కారాలు. ఆహ్వానం అందింది. ఆ వేసవిలో మీ పథకం నాకు నేర్పినది కిటికీలోంచి చూడడం. తక్కినదంతా మేడమ్‌గారు నేర్పారు. ఆవిడను పిలిచారో లేదో మీరు రాయలేదు. నేను వస్తాను. వేదిక వద్దు, శాలువా వద్దు. ఈ యేటి పిల్లలను ఆ ఉదయం కల్చర్ గదిలో ఉంచండి, వాళ్ళతో మాట్లాడతాను. కెమెరాలు బయటే ఉండాలి. నా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్ళు మొదటి వారంలోనే ఫ్లాస్కులు పాడుచేస్తారు. పాడైన ప్రతిసారీ ఎవరు చేశారో, ఎవరు చేయమన్నారో ఇద్దరి పేర్లూ గోడ మీది పలక మీద రాస్తాం. చాలాసార్లు రెండో పేరు నాదే. మీ పిల్లలకు ఈ పద్ధతి చెప్పేటప్పుడు ఉదాహరణగా మన సంగతే చెబుతాను. మీరు పక్కన ఉంటే బాగుంటుంది. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్ళిపోవాలి. సాయంత్రం కణాలకు ద్రవం మార్చడం ఈ వారం నా వంతు."